పిల్లల పిప్పి పళ్ళు: డ్రిల్లింగ్, ఇంజెక్షన్ లేకుండా ఏం చేయొచ్చు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో చిన్నపిల్లల పళ్ళకు వైద్యం చేస్తాను. ఉదయగిరి, ఆత్మకూరు, కావలి, కందుకూరు, కనిగిరి వైపు నుంచి పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. చాలామంది రాత్రంతా బిడ్డ ఏడిస్తే, తెల్లవారి మొదటి బస్సెక్కి వచ్చినవాళ్ళే. వాళ్ళ మనసులో రెండే దారులుంటాయి. ఒకటి మిషన్ పెట్టి తొలిచి సిమెంటు పెట్టడం, రెండోది పీకేయడం. ఈ రెండూ భయమే కాబట్టి మూడోది ఎంచుకుంటారు: "పాలపళ్ళే కదా, వాటంతట అవే రాలిపోతాయి" అని ఊరుకోవడం. ఊరుకోవడానికీ తొలవడానికీ మధ్యలో చేయదగ్గ వైద్యం చాలా ఉంది. అందులో ఎక్కువ భాగానికి సూది అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. రోజూ నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

పాలపళ్ళు ఎలాగూ రాలిపోతాయి కదా, వాటికి వైద్యం ఎందుకు?

అన్నీ ఒకేసారి రాలవు. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. కానీ నమిలే దవడ పళ్ళు పది, పదకొండేళ్ళ దాకా ఉండాలి. మూడేళ్ళ పిల్లకు దవడ పన్ను పుచ్చిందంటే ఇంకా ఏడెనిమిదేళ్ళు ఆ పంటితోనే అన్నం తినాలి. నొప్పి ఉన్న పిల్ల ఒకవైపే నములుతుంది, ముద్ద నోట్లోనే పెట్టుకుని కూర్చుంటుంది. "తినడానికి మారాం చేస్తుంది సార్" అని తీసుకొచ్చిన పిల్లల నోరు తెరిచి చూస్తే కారణం అక్కడే కనిపించిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నాయి.

ఇంకో సంగతి. పాలపన్ను తన కింద రాబోయే పన్నుకు చోటు కాపాడుతుంది. ముందే పీకేస్తే పక్క పళ్ళు ఆ సందులోకి జరుగుతాయి, తర్వాత వచ్చేది వంకరగా వస్తుంది. చీము పట్టిన పాలపన్ను కిందనే కొత్త పన్ను తయారవుతూ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

మా వాడికి చాక్లెట్లే పెట్టం. అయినా పుచ్చింది. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగిన అమ్మను నేను తిరిగి ఒకటే అడుగుతాను: "రాత్రి ఎట్టా పడుకుంటాడమ్మా?" జవాబు దాదాపు ఎప్పుడూ పాల సీసా దగ్గరే ఆగుతుంది.

నోట్లో ఉండే కొన్ని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను, పిండి పదార్థాన్ని తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. లాలాజలం దాన్ని కడిగి, అరగంట అటూ ఇటూలో మళ్ళీ మామూలు స్థితికి తెస్తుంది. కరగడం, తిరిగి గట్టిపడడం రోజంతా జరుగుతూనే ఉంటాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. చక్కెర కలిపిన పాలు నోట్లో పెట్టుకుని నిద్రపోయిన బిడ్డకు ఆ కడిగే పని జరగదు. అందుకే ఈ పిల్లల్లో పై ముందు పళ్ళు నాలుగూ ముందుగా పోతాయి. కింద ముందు పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం కూడా అక్కడే ఊరుతుంది కాబట్టి అవి బాగుంటాయి. పై పళ్ళు పోయి కింద పళ్ళు తెల్లగా ఉన్నాయంటే, అది సీసా పుచ్చు అని చూడగానే చెప్పొచ్చు.

మిగతా కారణాలు కూడా ఇంట్లోనే ఉంటాయి. పాలలో నానబెట్టిన బిస్కెట్టు, చక్కెర ఎక్కువున్న దగ్గు సిరప్పు రాత్రి పట్టించి నోరు కడగకపోవడం, తేనెలో ముంచిన పాలపీక, అయిదు రూపాయల ప్యాకెట్టు చేతిలో పెట్టుకుని సాయంత్రం దాకా ఒక్కొక్కటే నమలడం. ఎంత తిన్నాడన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. సంక్రాంతికి అన్నంతో పాటు రెండు అరిసెలు తిన్న పిల్లాడి కంటే, రోజంతా గంటకో బిస్కెట్టు కొరికే పిల్లాడి పళ్ళకే ముప్పు ఎక్కువ.

పంటిలో పురుగు ఉంటుందంటారు. తీయించమని మా అత్త పోరుతోంది.

పురుగు ఉండదు. పొగ పెట్టి, చెవి దగ్గరో బుగ్గ దగ్గరో సన్నటి తెల్ల పురుగులు రాలినట్టు చూపించేవాళ్ళు మన తిరునాళ్ళలో ఇప్పటికీ కనిపిస్తారు. అవి బిడ్డ పంటిలోంచి వచ్చినవి కావు. కంటికి కనిపించని సూక్ష్మజీవులే పంటిని పాడుచేస్తాయి. పొగతో అవి పోవు, బిడ్డ నోరు కాలడం ఒక్కటే మిగులుతుంది. పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా చెప్పాలంటే మా దగ్గరకు ఆమెను కూడా తీసుకురండి, అద్దంలో చూపించి నేనే చెబుతాను.

పుచ్చు మొదలైందని ఇంట్లోనే ఎలా కనిపెట్టాలి?

బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని, పై పెదవి ఎత్తి, వెలుతురులో చూడండి. చిగురుకు ఆనుకుని పంటి మీద సున్నం గీత గీసినట్టు తెల్లటి మచ్చ కనిపిస్తే అదే మొదలు. గుంట ఇంకా పడలేదు. ఈ దశలో పట్టుకుంటే పన్ను తిరిగి గట్టిపడుతుంది, ఏ పనిముట్టూ పెట్టనక్కర్లేదు. నెలకోసారి పెదవి ఎత్తి చూసే అలవాటు చేసుకోండి. తర్వాత అది పసుపు, గోధుమ రంగుకు తిరిగి మెత్తబడుతుంది. ఆ తర్వాత గుంట.

ఆ తెల్ల మచ్చ ఫ్లోరైడ్ నీళ్ళ మచ్చ కాదా? మా ఊళ్ళో అందరికీ పళ్ళ మీద మచ్చలే.

కనిగిరి, పొదిలి, దర్శి, ఉదయగిరి, వరికుంటపాడు వైపు వాళ్ళు ఇది అడగడం న్యాయమే. ఆ వైపు చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తేడా ఇలా చూడండి. ఫ్లోరైడ్ మచ్చలు జంటగా వస్తాయి. కుడివైపు పంటికి ఎక్కడ ఉందో ఎడమవైపు అదే పంటికీ అక్కడే ఉంటుంది, మబ్బు చారల్లా పన్నంతా పరుచుకుని ఉంటాయి. పైగా అవి ఆరేళ్ళ తర్వాత వచ్చే పెద్ద పళ్ళ మీదే ఎక్కువగా కనిపిస్తాయి. పుచ్చు మచ్చ చిగురు అంచునే పట్టుకుని ఉంటుంది, అక్కడ పాచి కూడా పేరుకుని ఉంటుంది, ఒక పంటికి ఉండి పక్క పంటికి లేకపోవచ్చు. రెండూ ఒకే నోట్లో ఉండడం కూడా మామూలే. ఫ్లోరైడ్ బాగా ఎక్కువై పైపొర గుంటలు పడిన పళ్ళలో పాచి నిలిచి పుచ్చు ఇంకా సులువుగా పడుతుంది. అనుమానంగా ఉంటే చూపించండి, చూడగానే తేలిపోతుంది.

తెల్ల మచ్చ దశలో వస్తే ఏం చేస్తారు?

ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తాం. జిగురుగా ఉండే పూత అది. చిన్న బ్రష్షుతో పళ్ళకు రాస్తే లాలాజలం తగలగానే గట్టిపడి అతుక్కుంటుంది. ఒకటి రెండు నిమిషాల పని. ఆ రోజు పళ్ళు కొంచెం పసుపుగా కనిపించొచ్చు, మర్నాడు తోమితే పోతుంది. కొన్ని గంటలు గట్టి పదార్థాలు పెట్టకండి, ఆ రాత్రికి తోమకండి. మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్ళీ వేయాలి. దీనితో పాటు సీసా మానాలి, రాత్రి పళ్ళు తోమాలి. ఇవి రెండూ జరగకుండా వార్నిష్ ఒక్కటే పూయిస్తూ పోతే, కన్నం ఉన్న కుండలో నీళ్ళు పోసినట్టే.

గుంట పడిపోయింది. ఇప్పుడు డ్రిల్లింగ్ తప్పదా?

చాలాసార్లు తప్పుతుంది. ఇక్కడే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పనికొస్తుంది. పొట్టిగా ఎస్‌డీఎఫ్ అంటాం. మా దగ్గరకు వచ్చే అమ్మలకు "వెండి మందు" అని చెబితే తేలిగ్గా గుర్తుంటుంది. ఇందులో ఉన్న వెండి గుంటలోని సూక్ష్మజీవుల్ని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడ్డ పంటిని గట్టిపరుస్తుంది. పుచ్చు అక్కడికి ఆగిపోతుంది.

జపాన్‌లో దీన్ని 1970ల నుంచే వాడుతున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మామూలుగా వాడే 38 శాతం ద్రావణంతో పాలపళ్ళ మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, పది పుచ్చుల్లో సుమారు ఎనిమిది ఆగిపోయాయి. ఆగని ఆ రెండింటి కోసమే మిమ్మల్ని తిరిగి రమ్మంటాను. రెండు మూడు వారాల్లో ఒకసారి చూసి, ఆరు నెలలకోసారి మళ్ళీ పూయాలి. ఒక్కసారి పూసి వదిలేసిన పిల్లల్లో పుచ్చు తిరగబెట్టడం నేను చూశాను.

పూసే విధానం చెబుతాను, ముందే తెలిస్తే మీకూ టెన్షన్ ఉండదు. పెదవులకు, చిగుళ్ళకు వాజిలిన్ రాస్తాం. పంటి చుట్టూ దూది పెట్టి తడి లేకుండా చేస్తాం. అగ్గిపుల్ల కొనంత చిన్న బ్రష్షుతో ఒక చుక్కలో ముంచి గుంటలో రాసి, దాదాపు ఒక నిమిషం అలా ఉంచుతాం. రుచి కొంచెం చేదుగా, లోహం నాకినట్టుగా ఉంటుంది. సూది లేదు, శబ్దం లేదు, తిమ్మిరి లేదు. అమ్మ ఒళ్ళో కూర్చునే అయిపోతుంది. మిగతా వైద్యాలతో పోలిస్తే ఖర్చు కూడా తక్కువ.

వెండి మందు పూస్తే పన్ను నల్లగా అవుతుందట. నిజమా?

నిజం. ఇది దాచి మందు పూయడం తప్పు. పూసిన ఒకటి రెండు రోజుల్లో పుచ్చిన చోటు నల్లగా మారుతుంది, అలాగే ఉండిపోతుంది. బాగున్న పంటి భాగం నల్లబడదు, పుచ్చిన చోటు మాత్రమే.

ఒకసారి కోవూరు వైపు నుంచి ఒక అవ్వ మనవరాలిని తీసుకొచ్చింది. పాపకు మూడేళ్ళు, పై ముందు పళ్ళు నాలుగూ, వెనక దవడ పళ్ళు కొన్నీ పుచ్చి ఉన్నాయి. విషయమంతా విని అవ్వ లేచి నిలబడింది. "ఆడపిల్ల సార్. పళ్ళు నల్లంగా పెట్టుకుని రేపు బడికి ఎట్టా పోతాది?" అంది. నేను ఆమెను తొందరపెట్టలేదు. అద్దం ఇచ్చి పాప పళ్ళు ఇప్పుడెలా ఉన్నాయో చూపించాను. గోధుమ రంగులో, అంచులు విరిగి, వేలితో తాకితే పొడి రాలేలా ఉన్నాయి. "ఇవి ఇంకో ఆరు నెలలుంటే ఏమవుతాయి?" అని ఆమే అడిగింది. చీము పట్టొచ్చు, పీకాల్సి రావొచ్చు అని చెప్పాను. ఆలోచించుకుని వస్తామని వెళ్ళి వారం తర్వాత వచ్చారు. వెనక దవడ పళ్ళకు వెండి మందు పూశాం. ముందు పళ్ళకు మందు పూసి, నలుపు కొంత మరుగుపడేలా పైన తెల్ల సిమెంటు పెట్టాం.

తల్లిదండ్రులకు నేను ఇచ్చే సలహా ఇది. దవడ పళ్ళకైతే ఏమీ ఆలోచించకుండా ఒప్పుకోండి, ఎవరికీ కనపడవు. ముందు పళ్ళకైతే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, ముఖ్యంగా అవ్వా తాతలతో. నల్లగా, గట్టిగా, మెరుస్తూ ఉన్న మచ్చ ఆగిన పుచ్చు. గోధుమ రంగులో మెత్తగా ఉన్నది ఇంకా తింటూ పోతున్న పుచ్చు. మన కళ్ళకు నలుపు చెడ్డది, గోధుమ రంగు పర్లేదు అనిపిస్తుంది. పంటి విషయంలో అది తలకిందులు.

మందు చర్మానికి తగిలితే గోధుమ మచ్చ పడుతుంది, కడిగినా పోదు, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. బట్టలకు తగిలితే మాత్రం పోదు. కొత్త గౌను వేసి తీసుకురాకండి.

ఈ మందు ఎవరికి పూయకూడదు?

వెండి పడని పిల్లలకు, నోట్లో పుండ్లు ఉన్నప్పుడు పూయం. పుచ్చు పంటి నరం దాకా వెళ్ళిపోతే పూసి ప్రయోజనం లేదు. రాత్రి నిద్రలోంచి లేచి ఏడవడం, నొప్పి దానంతటదే వచ్చి గంటల తరబడి ఉండడం, చిగురు మీద చీము పొక్కు, పన్ను కదలడం, ఇవన్నీ నరం దెబ్బతిన్నదనడానికి గుర్తులు. అప్పుడు వేరే వైద్యం కావాలి. అలాంటి పంటికి కూడా "మందు పూసేద్దాం, నొప్పి తగ్గుతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మాది కనిగిరి దగ్గర పల్లె. నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందనే భయంతో బతుకుతున్నాం. మళ్ళీ ఫ్లోరైడ్ మందే పూస్తామంటారేంటి?

ఈ ప్రశ్నకు వివరంగా చెప్పాలి. నడుములు వంగిపోయిన పెద్దల్ని, మచ్చల పళ్ళతో నవ్వడానికి సిగ్గుపడే పిల్లల్ని చూసిన ఊళ్ళలో ఫ్లోరైడ్ అన్న మాటే భయపెడుతుంది. ఆ భయాన్ని నేను తీసిపారేయను.

అయితే లెక్క చూద్దాం. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా మాత్రమే ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. మీ బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. తాగడానికీ వంటకూ కలిపి బిడ్డ లోపలికి రోజుకు ఒక లీటరు వెళితే, ఆరు నెలల్లో అది 540 మిల్లీగ్రాములు. చిన్నపిల్లలకు ఒకసారి పూసే వార్నిష్ పావు మిల్లీలీటరు. అందులో ఉన్న ఫ్లోరైడ్ మొత్తం ఆరు మిల్లీగ్రాముల లోపే. ఒక చుక్క వెండి మందులో ఉన్నది సుమారు ఒక మిల్లీగ్రాము. అదీ కొన్ని నెలలకోసారి. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ చెడడం, వచ్చేది రోజూ, ఏళ్ళ తరబడి లోపలికి పోయేదాని వల్ల. పెద్ద పళ్ళు దవడ ఎముకలో తయారవుతున్న కాలంలో, అంటే పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ దాకా, పళ్ళకు ఆ ముప్పు ఉంటుంది. కొన్ని నెలలకోసారి పంటి మీద పూసే పూత ఆ లెక్కలో చాలా చిన్నది.

కాబట్టి భయపడాల్సింది నీళ్ళ గురించి. చాలా ఇళ్ళలో తాగడానికి ప్లాంటు క్యాను తెచ్చుకుంటారు, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతోనే వండుతారు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ అన్నంలోకి, పప్పులోకి వచ్చేస్తుంది. బిడ్డకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వంటకు కూడా మంచి నీళ్ళు వాడండి. పాలు కలపడానికి కూడా. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైపోయి ఇంకాస్త చిక్కబడుతుంది. రాగి బిందెలో పోసి ఉంచినా పోదు. ఆర్‌వో ఫిల్టరు తీసేస్తుంది. మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించారా అని పంచాయతీలో అడగండి, చేయించకపోతే చేయించమనండి. డాక్టరు దగ్గరకు వచ్చినప్పుడు మీది ఏ ఊరో, ఏ నీళ్ళు తాగుతారో మీరే ముందుగా చెప్పండి. మాలో అందరం అడగం, అడగాలి.

మరి పేస్టు సంగతి? ఫ్లోరైడ్ ఉన్నది వాడాలా, లేనిదా?

మంచి నీళ్ళు తాగే పిల్లలకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి. మూడేళ్ళ లోపు బియ్యం గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు నిండా వేయకండి. మన దేశంలో పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) దాటకూడదు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. పిల్లల బొమ్మలున్న కొన్ని పేస్టుల్లో చాలా తక్కువ ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. బియ్యం గింజంత పేస్టు మొత్తం మింగినా లోపలికి పోయేది 0.1 మిల్లీగ్రాము.

బిడ్డ ఇంకా ఫ్లోరైడ్ బోరు నీళ్ళే తాగుతుంటే, ముందు నీళ్ళు మార్చండి. ఈలోపు ఏ పేస్టు, ఎంత అన్నది బిడ్డను చూసిన డాక్టరునే అడగండి. అన్ని ఊళ్ళకూ ఒకే జవాబు ఇవ్వడం నాకు సబబుగా అనిపించదు.

పొగాకు పొడి, బొగ్గు, ఇటుక పొడి, ఎర్ర పళ్ళపొడి, కచ్చిక వద్దు. పైపొర అరిగిపోతుంది. వేప పుల్ల పెద్దలకు సరే, రెండేళ్ళ బిడ్డ చిగుళ్ళకు గీరుకుంటుంది.

మందు పూసినా గుంట అలాగే ఉంటుంది కదా? అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నాయి.

అవును, వెండి మందు గుంటను పూడ్చదు. మెతుకులు ఇరుక్కునే గుంటైతే పైన గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు పెడతాం. అది పంటికి అతుక్కుంటుంది, మెల్లగా ఫ్లోరైడ్ వదులుతుంది. మిషన్ వాడకుండా, మెత్తబడ్డ భాగాన్ని చేతి పనిముట్టుతో గీకి తీసి సిమెంటు నింపే పద్ధతిని 1980లలో ఆఫ్రికాలోని టాంజానియాలో మొదలుపెట్టారు. కరెంటు లేని పల్లెల్లో వైద్యం చేయడానికి పుట్టిన పద్ధతి అది. ఇప్పుడు అన్ని చోట్లా పిల్లలకు వాడుతున్నారు. పంటికి ఒక్క వైపే పడిన గుంటకు బాగా నిలుస్తుంది. రెండు పళ్ళ సందులో పడిన పుచ్చుకు అంతగా నిలవదు, దానికి కింద చెప్పే క్యాపు మేలు.

పాలపంటికి స్టీలు క్యాపు పెట్టాలన్నారు. అంత చిన్న పిల్లకు క్యాపా?

తొలవకుండా పెట్టే క్యాపు ఒకటుంది. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంత వైద్యురాలు 1980ల చివర్లో మొదలుపెట్టింది కాబట్టి హాల్ పద్ధతి అంటారు. పుచ్చును గీకకుండానే, ఇంజెక్షన్ ఇవ్వకుండానే, సరైన సైజు స్టీలు తొడుగులో సిమెంటు నింపి దవడ పంటి మీద నొక్కి కూర్చోబెడతారు. లోపల మిగిలిన సూక్ష్మజీవులకు తిండి అందదు, పుచ్చు ఆగిపోతుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు ఫిల్లింగుల కన్నా ఇదే ఎక్కువ కాలం నిలిచింది. పళ్ళు దగ్గరగా ఉంటే నాలుగైదు రోజుల ముందు సందుల్లో చిన్న రబ్బరు రింగులు పెడతాం. పెట్టాక కొన్ని వారాలు కొరికితే ఎత్తుగా అనిపిస్తుంది, సర్దుకుంటుంది. పాలపన్ను ఊడినప్పుడు క్యాపు దానితోపాటే వచ్చేస్తుంది, మీరు తీయించనక్కర్లేదు.

నరం బాగున్న పంటికే ఇది. ఎక్స్‌రే తీసి చూశాకే పెట్టించుకోండి.

పది పళ్ళు పుచ్చాయి, మొత్తం మత్తు ఇచ్చి ఒకేసారి చేయాలన్నారు. వేరే దారి లేదా?

కొందరు పిల్లలకు మత్తు నిజంగానే అవసరం. చీము పట్టిన పళ్ళు నాలుగైదు ఉండి, బిడ్డ రెండేళ్ళవాడైతే ఆలస్యం చేయకూడదు. కానీ నొప్పి, వాపు లేకుండా గుంటలు మాత్రమే ఉంటే, వెండి మందుతో పుచ్చును ఆపి, బిడ్డకు కాస్త వయసు వచ్చి కుర్చీలో కూర్చోగలిగేదాకా సమయం సంపాదించొచ్చు. ఏ పంటికి ఏ వైద్యమో ఒక్కో పంటి లెక్కన రాసివ్వమని అడగండి. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

మా పిల్ల నోరే తెరవదు సార్. ఏం చేయమంటారు?

బడికి పోయే ముందు, కడుపు నిండా తిని, నిద్ర తీరి ఉన్న పొద్దుటి పూట తీసుకురండి. "అల్లరి చేస్తే డాక్టరు సూదేస్తాడు" అన్న మాట ఇంట్లో అనకండి. ఆ ఒక్క మాట సరిచేయడానికి నాకు రెండు విజిట్లు పడుతుంది. "నొప్పేం ఉండదు" అని కూడా అనొద్దు, ఆ మాటలో నొప్పి అనేదే వాళ్ళకు వినపడుతుంది. "డాక్టరు పళ్ళు లెక్కపెడతాడు" అంటే చాలు.

మూడేళ్ళ లోపు పిల్లల్ని మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చుని చూస్తాం. బిడ్డ కాళ్ళు మీ నడుముకు అటూ ఇటూ, తల నా ఒళ్ళో. కాస్త ఏడుస్తారు. ఏడ్చేటప్పుడు నోరు తెరుచుకుంటుంది, పని అయిపోతుంది. అమ్మ ముఖం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి భయం మనసులో నిలవదు.

రాత్రి పూట నొప్పి వస్తే లవంగ నూనె పెట్టొచ్చా?

పెద్దవాళ్ళకు పెట్టినట్టు పిల్లలకు పెట్టకండి, చిగురు కాలుతుంది. నొప్పి బిళ్ళ పంటి దగ్గర అదిమి పెట్టడం ఇంకా ప్రమాదం. ఆస్ప్రిన్ పిల్లలకు అసలు వద్దు. గోరువెచ్చని ఉప్పు నీళ్ళు పుక్కిలించగలిగితే పుక్కిలించనివ్వండి, ఇరుక్కున్న మెతుకు వస్తే తీయండి, బరువుకు తగ్గ మోతాదులో పారాసెటమాల్ పట్టించండి. మర్నాడు తప్పకుండా చూపించండి. నొప్పి తగ్గిపోయిందని మానేస్తారు చాలామంది. కొన్నిసార్లు నరం చనిపోయినందువల్లే నొప్పి తగ్గుతుంది, చీము ఆ తర్వాత వస్తుంది.

ఎప్పుడు అర్ధరాత్రైనా పరుగెత్తాలి?

బుగ్గ వాచి కంటి దాకా పోతుంటే, దవడ కింద వాస్తే, జ్వరం వస్తే, మింగలేకపోతే, ఊపిరి కష్టమైతే. పళ్ళ డాక్టరు కోసం తెల్లారేదాకా చూడొద్దు, దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్ళండి.

సీసా మాన్పించాలంటే మా వల్ల కావడం లేదు.

ఒక్క రాత్రిలో మానరు. చక్కెర ముందు తగ్గించండి, వారంలో పూర్తిగా తీసేయండి. తర్వాత రోజుకు కాస్త చొప్పున నీళ్ళు ఎక్కువ పోస్తూ పాలు పలచన చేయండి. రెండు మూడు వారాలకు సీసాలో నీళ్ళే మిగులుతాయి, ఆ సీసా మీద వాళ్ళకే మోజు పోతుంది. పగటి పూట గ్లాసు అలవాటు చేయండి. ఏడాది దాటాక రాత్రంతా తల్లిపాలు నోట్లో ఉంచుకుని పడుకునే పిల్లలకు కూడా పళ్ళు తుడవడం ముఖ్యం. తల్లిపాలు మానేయమని మాత్రం నేను చెప్పడం లేదు. అవ్వ పక్కన పడుకునే పిల్లలైతే ముందు అవ్వను ఒప్పించండి, ఏడుపు విని అర్ధరాత్రి సీసా కలిపి ఇచ్చేది ఆవిడే.

ఆకలికి బొరుగులు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, గుడ్డు, పెరుగన్నం, జామకాయ ముక్కలు మంచివి. మరీ చిన్న పిల్లలకు వేరుశనగ గింజలు మెదిపి పెట్టండి, గొంతులో పడకుండా. బొరుగుల ఉండలు, చిక్కీలు పంటికి అతుక్కుంటాయి. పెట్టాలనుకుంటే అన్నంతో పాటే పెట్టి నీళ్ళు తాగించండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఈ మందులు అందరి దగ్గరా ఉంటాయా?

అందరి దగ్గరా ఉండవు. ఫోన్ చేసి "ఎస్‌డీఎఫ్ పూస్తారా, హాల్ క్యాపు పెడతారా" అని ముందే అడగండి, బస్సు ఖర్చు మిగులుతుంది. నెల్లూరులో నారాయణ దంత వైద్య కళాశాల ఉంది, దంత వైద్య కళాశాలల్లో చిన్నపిల్లల దంత విభాగం వేరుగా ఉంటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్వాడీలకు, బడులకు వచ్చే వైద్య బృందం పళ్ళు కూడా చూడాలి. వాళ్ళు వచ్చినప్పుడు మీ బిడ్డ పెదవి ఎత్తి చూపించమని అంగన్వాడీ టీచరుకు చెప్పి ఉంచండి.

పెద్దవాడికి ఇలా జరిగింది. చిన్నదానికి ఇప్పుడే రెండు పళ్ళు వచ్చాయి. ఏం చేయాలి?

ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. పడుకోబోయే ముందు తడి గుడ్డ వేలికి చుట్టి ఆ రెండు పళ్ళూ తుడవండి. ఇంకొన్ని పళ్ళు వచ్చాక చిన్న బ్రష్షు. మీరు రుచి చూసిన చెంచాతో బిడ్డకు పెట్టకండి, మీ నోట్లోని సూక్ష్మజీవులు అలాగే వెళతాయి. పుచ్చిన మీ పళ్ళకు కూడా వైద్యం చేయించుకోండి. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి పూట పళ్ళు మీరే తోమాలి, వాళ్ళు తోముకుంటామంటే పొద్దుటి పూట తోముకోనివ్వండి. ఆరేళ్ళకు పాల దవడ పళ్ళ వెనక కొత్త దవడ పన్ను వస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండేది. అది రాగానే తీసుకొస్తే దాని గీతల్లో సీలెంట్ అనే పూత వేసి మూసేస్తాం. దానికీ సూది అక్కర్లేదు.